పన్నెండో తారీఖు దాకా అంతా బానే ఉంది

మొన్న మా మిర్చి కోల్డ్ స్టోరేజీలో మళ్ళీ సాఫ్ట్‌వేర్ మార్చారు. ఈసారి బ్రౌజర్లో ఓపెన్ అయ్యేది, ఫోన్లో కూడా కనపడుద్దంట. ఓనర్ గారి మనవడు చదువైపోయి వచ్చి ఆఫీసులో కూర్చుంటున్నాడు కదా, "అంకుల్, ఇంకా ఎన్నాళ్ళు ఈ ముసలి స్క్రీన్లు" అని పట్టుబట్టి మార్పించాడు. నాకు నవ్వొచ్చింది. అతను ముసలివంటున్న ఆ స్క్రీన్లే ఒకప్పుడు మా ఆఫీసులోకి కొత్త కోడల్లాగా వచ్చాయి, వచ్చిన మొదటి రెండు వారాలు ఇంటిల్లిపాదినీ ఎట్లా తిప్పలు పెట్టాయో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలా, ఇప్పుడు రాస్తన్నా.

నేను 1992లో గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి డీబేస్ త్రీ ప్లస్ నేర్చుకున్నా, రికార్డులు ఫైళ్ళలో దాచి వెతికి పెట్టే ప్రోగ్రాం అది. వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్, అప్పట్లో ఎక్కడ చూసినా ఇదే ప్యాకేజీ. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి పోతే, నల్ల స్క్రీన్‌లో కింద ఎడం పక్కన ఒక చుక్క ఉండేది. డాట్ ప్రాంప్ట్ అంటారు దాన్ని. ఆ చుక్క పక్కన యూజ్ అని ఫైలు పేరు కొడితే ఫైలు తెరుచుకుంటది, లిస్ట్ అని కొడితే రికార్డులన్నీ జలజలా పోతాయి. ఏమీ కొట్టకపోతే ఆ చుక్క అట్లా చూస్తా ఉంటది అంతే, నువ్వేం చెయ్యాలో అది చెప్పదు. చాలామంది ఆ చుక్కని చూసే కోర్సు మానేశారు. నాకు మాత్రం అది తెగ నచ్చింది, మాట అంటే మాట, వినేదో వినందో వెంటనే చెప్పేసుద్ది.

తర్వాత 95లో ఈ కోల్డ్ స్టోరేజీలో గుమస్తాగా చేరా. ఇక్కడ ఫాక్స్‌ప్రో 2.6, డాస్ మీద, అంటే విండోస్‌కి ముందు ఉండే పాత సిస్టం మీద నడిచేది. డీబేస్ బాపతు మనిషే ఫాక్స్‌ప్రో, ఆ కమాండ్లే, రికార్డులు దాచే ఆ డీబీఎఫ్ ఫైళ్ళే, కాకపోతే చాలా స్పీడు. అమెరికాలో ఒహాయోలో ఫాక్స్ సాఫ్ట్‌వేర్ అని ఒక కంపెనీ తయారు చేసింది, దాన్ని 1992లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. మాకు అవన్నీ ఎందుకు, మాకు కావాల్సింది ఫిబ్రవరి నుంచి మే దాకా లారీలు వరస కట్టినప్పుడు లాట్లు ఎక్కియ్యటం.

మిర్చి కోల్డ్ స్టోరేజీ పని తెలియని వాళ్ళకి ఒక ముక్క చెప్తా. రైతు సరుకు తెస్తాడు, తేజ అనో 334 అనో బాడిగ అనో రకం రాసుకుంటాం, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టి లాట్ నంబర్ వేసి చాంబర్లోకి పంపిస్తాం, రైతుకి బాండు, అంటే సరుకు మా దగ్గర ఉందని రసీదు, ఇస్తాం. కొంతమంది సరుకు మీద అడ్వాన్స్ కూడా తీసుకుంటారు, ఆ డబ్బుకి తీసుకున్న తేదీ నుంచి వడ్డీ. అంటే తేదీ అనేది మాకు ఉత్త అంకె కాదు, డబ్బు. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే ఉంది.

ఆ డాస్ స్క్రీన్ నీలం రంగులో ఉండేది, చుట్టూ రెండు గీతల డబ్బా, మధ్యలో తెల్ల అక్షరాలు. మా పెద్ద గుమస్తా గారికి అప్పటికే అరవై దగ్గర పడ్డాయి, ఆయన స్క్రీన్ చూసేవాడే కాదు. కళ్ళు చీటీ మీద, వేళ్ళు కీబోర్డు మీద. లాట్ నంబర్, ఎంటర్, పేరు, ఎంటర్, ఊరు, ఎంటర్, రకానికి ఒకటో రెండో, ఎంటర్, టిక్కీలు, తేదీ, చివర్లో కంట్రోల్ డబ్ల్యూ. సేవ్ అయిపోద్ది. తప్పు కొడితే కంప్యూటర్ బీప్ అంటది, అప్పుడొక్కటే తల ఎత్తేవాడు. పెదనందిపాడు రైతు గేటు దగ్గర నిలబడి టీ తాగేలోపు బాండు చేతిలో పెట్టేసేవాళ్ళం.

మార్చాల్సిన అవసరం ఎట్లా వచ్చిందంటే, 2001 చివర్లో పాత కంప్యూటర్ పోయింది, కొత్తది కొన్నాం. కొత్తదాన్లో ఫాక్స్‌ప్రో ఎక్కిచ్చి స్టార్ట్ చేస్తే తెరుచుకోకుండానే సున్నాతో భాగించారు అని ఎర్రర్. ఎవరు భాగించారు నాయనా, మేమింకా ఏమీ ముట్టుకోలేదు! తర్వాత తెలిసిందేంటంటే ఆ పాత ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు మెషిన్ స్పీడు కొలుచుకుంటదంట, కొత్త ప్రాసెసర్ మరీ స్పీడుగా ఉంటే ఆ కొలతలో టైము సున్నా వచ్చి లెక్క తిరగబడుద్దంట. గుర్రం బాగా పరిగెత్తుతుందని బండి ఆగిపోయినట్టు. దానికి ప్యాచ్ దొరికేదే, కానీ ఓనర్ గారు "ఎట్లాగూ విండోస్ వచ్చింది కదా, అందరూ మారతన్నారు, మనమూ మారదాం" అన్నారు. అరండల్‌పేట నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, ఫాక్స్‌ప్రోకి విండోస్ రూపమైన విజువల్ ఫాక్స్‌ప్రో 6లో కొత్తగా రాసిస్తానని. మా మెషిన్‌లోనే పూర్తి ఫాక్స్‌ప్రో వేసుకుని అక్కడే కూర్చుని రాసేవాడు. మంచి కుర్రాడు, చేతి వేగం ఉంది, ఓపిక కూడా ఉంది, నన్ను అన్నా అని పెద్ద గుమస్తా గారిని బాబాయ్ గారూ అని పిలిచేవాడు.

ముందు అతను తెలివిగా పాత ప్రోగ్రామ్‌ని ఉన్నది ఉన్నట్టు విజువల్ ఫాక్స్‌ప్రోలో నడిపి చూశాడు. నడిచింది కూడా. కానీ డబ్బా చుట్టూ గీతలు ఉండాల్సిన చోట ఇంగ్లీషు ఐ అక్షరం నెత్తిన ఏటవాలు గీతతో వరసగా నలభై, ఏ మీద రెండు చుక్కలతో ఇంకో ముప్పై. డాస్‌లో 205 నంబర్ అంటే అడ్డగీత, విండోస్ ఫాంట్లో అదే నంబర్‌కి నెత్తిన ఏటవాలు గీత పెట్టుకున్న ఐ. పెద్ద గుమస్తా గారు కళ్ళజోడు సర్దుకుని చూసి "ఇదేం భాషయ్యా" అన్నారు. దాంతో ఆ ప్రయత్నం మానేసి ఫారాలన్నీ, అంటే ఎంట్రీ చేసే స్క్రీన్లన్నీ, మొదటి నుంచి మౌస్‌తో గీయటం మొదలెట్టాడు.

కొత్త స్క్రీన్ చూడ్డానికి బాగుంది, అబద్ధం చెప్పకూడదు. బూడిద రంగు, పైన బొమ్మల బటన్లు, సేవ్‌కి ఫ్లాపీ బొమ్మ, వెతకటానికి దుర్భిణి బొమ్మ. ఓనర్ గారు ఎవరొచ్చినా పిలిచి చూపించేవాళ్ళు. పని చేసేది మాత్రం మేం కదా. ప్రతి లాట్‌కీ కీబోర్డు వదిలి మౌస్ పట్టుకుని ఫ్లాపీ బొమ్మ మీదకి పోయి నొక్కాలి. సీజన్లో రోజుకి వందల ఎంట్రీలు, చెయ్యి అటూ ఇటూ తిరగటానికే సాయంత్రం అయ్యేది.

పైగా ఆ మౌస్! అప్పట్లో కింద బంతి ఉండే మౌసులు కదా. మిర్చి కోల్డ్ స్టోరేజీలో గాల్లోనే కారం ఉంటది, కొత్తగా వచ్చినోడు తుమ్ముకుంటానే ఉంటాడు. ఆ దుమ్మంతా టేబుల్ మీద పడి బంతికి అంటుకుని లోపల ఉండే చిన్న రోలర్లకి చుట్టుకునేది. రెండు రోజులకోసారి బాణం స్క్రీన్ మధ్యలో నిలబడిపోయేది, ఎంత తోసినా కదలదు. అప్పుడు మౌస్ తిరగేసి మూత తిప్పి బంతి తీస్తే రోలర్ల మీద ఎర్రగా దూది లాగా పేరుకుని ఉండేది, గోటితో గీకి తియ్యాలి. ఒకసారి అట్లా గీకి చెయ్యి కడుక్కోకుండా కన్ను నలుపుకున్నా. ఆ రోజు మధ్యాహ్నం నా ఎంట్రీలన్నీ పెద్ద గుమస్తా గారే చేశారు, తిట్టుకుంటా.

కుర్రాణ్ణి కూర్చోబెట్టి చెప్పా, తమ్ముడూ ఈ బొమ్మలు ఓనర్ గారికి ఉంచు, మాకు మాత్రం కీబోర్డుతో అయ్యేట్టు చెయ్యి అని. అతనికి అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదంట, నేర్చుకున్నదే మౌస్‌తో. బటన్ పేరు రాసే చోట అక్షరానికి ముందు వెనక్కి వాలిన గీత, తక్కువ గుర్తు పెడితే ఆ అక్షరం కింద గీత పడుద్ది, ఆల్ట్ పట్టుకుని ఆ అక్షరం కొడితే బటన్ నొక్కినట్టే. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలతో మాకు రోజుకి గంట మిగిలింది. ఎంటర్ కొడితే పక్క గడిలోకి పోవటం మాత్రం పాతదాన్లో లాగే ఉంచారు ఫాక్స్‌ప్రో వాళ్ళు, అదొక్కటీ లేకపోతే పెద్ద గుమస్తా గారు ఆ వారమే రిటైర్ అయ్యేవారు.

నాకు ఇబ్బంది పెట్టింది ఇంకోటి. రికార్డులన్నీ వరసగా కనపడే బ్రౌజ్ విండోలో కొత్త రికార్డు కావాలంటే పాతదాన్లో కంట్రోల్ ఎన్. ఏడేళ్ళు కొట్టిన వేలు అది. కొత్తదాన్లో కంట్రోల్ ఎన్ కొడితే కొత్త ఫైలు ఏం కావాలి, ప్రాజెక్టా డేటాబేసా టేబులా అని ఇంత పెద్ద డబ్బా తెరుచుకుంటది. రికార్డు కోసం కంట్రోల్ వై కొట్టాలంట. వై ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాలా. బుర్రకి మొదటి రోజే తెలిసిపోయింది, వేలికి తెలియటానికి మాత్రం నెల పట్టింది. ఆ నెలలో ఆ డబ్బాని ఎన్నిసార్లు ఎస్కేప్ కొట్టి మూశానో. కంట్రోల్ డబ్ల్యూ మాత్రం బ్రౌజ్‌లో మారకుండా బతికిపోయింది, పరాయి ఊళ్ళో మన ఊరోడు కనపడినట్టు అనిపించేది.

అయితే ఒకటి చెప్పాలి. ఆ కొత్త వెర్షన్‌లో నాకు నిజంగా నచ్చింది ఏంటంటే కమాండ్లు చేత్తో కొట్టే కమాండ్ విండో తీసెయ్యలేదు. చుక్క పోయింది గానీ చుక్క పక్కన కొట్టే మాటలు పోలేదు. ఇంకా గొప్ప సంగతి, మెనూలో మౌస్‌తో ఏదైనా చేస్తే దాని తాలూకు కమాండ్ ఆ విండోలో దానంతటదే పడేది. ఫైలు మెనూలోంచి టేబుల్ తెరిస్తే అక్కడ యూజ్ అని ఫైలు పేరు సహా రాసేసుకునేది, బ్రౌజ్ నొక్కితే బ్రౌజ్ అని. అంటే మౌస్ మనిషికీ కీబోర్డు మనిషికీ మధ్య ఒక దుబాసీ కూర్చున్నట్టు. నేను కావాలని తెలియని మెనూలన్నీ నొక్కి కింద ఏం పడుతుందా అని చూసేవాణ్ణి. నాకు తెలియని కమాండ్లు అట్లా డజనుకి పైగా నేర్చుకున్నా. తర్వాత ఎన్నో ప్రోగ్రాములు చూశా గానీ ఇంత మర్యాద ఉన్నది మళ్ళీ తగల్లేదు.

మధ్యలో ఇంకో చిన్న గొడవ. జాగ్రత్త కోసం కొన్నాళ్ళు పక్క గదిలో ఇంకో పాత మెషిన్ మీద డాస్‌దీ నడుపుదాం అనుకున్నాం. కొత్తదాన్లో డేటాబేస్‌లోకి చేర్చిన టేబుల్ని తీసుకెళ్ళి పాతదాన్లో తెరిస్తే ఇది నా ఫైలే కాదు పొమ్మంది. పేరు అదే, చివర డీబీఎఫ్ అదే, కానీ లోపల మొదటి బైట్ మారిపోయిందంట. కాపీ చేసేటప్పుడు ఫాక్స్ 2 ఎక్స్ టైపు అని అడగాలి, అప్పుడు పాత ముఖం పెట్టి ఇస్తది. రోజూ సాయంత్రం అట్లా ఒక ఫ్లాపీ తీసి పక్క గదికి పట్టుకెళ్ళటం నా డ్యూటీ, రెండు వారాలయ్యాక విసుగొచ్చి మానేశా.

ఇక అసలు సంగతి.

కొత్త ప్రోగ్రాం 2002 మార్చి 1న, శుక్రవారం పూట మొదలెట్టాం. ఐదో తారీఖున వెతికే స్క్రీన్‌లో ఒక వింత కనపడింది, ఎప్పుడో డిలీట్ చేసిన లాట్లు లేచి వచ్చి వరసలో నిలబడ్డాయి. ఈ డీబీఎఫ్ ఫైళ్ళలో డిలీట్ అంటే చెరిపెయ్యటం కాదు, రికార్డు ముందు ఒక నక్షత్రం గుర్తు పెట్టటమే, ప్యాక్ అనే కమాండ్ కొట్టినప్పుడే నిజంగా పోతాయి. నక్షత్రం ఉన్నవాటిని చూపించొద్దు అని ప్రోగ్రాం మొదట్లో ఒక సెట్టింగ్ పెడతాం. అది పెట్టే ఉంది, అయినా కనపడతన్నాయి. కుర్రాడు కాసేపు బుర్ర గోక్కుని అదే సెట్టింగ్‌ని ఆ ఫారంలో కూడా ఇంకోసారి రాశాడు, పోయినాయి. "అయిపోయింది అన్నా" అన్నాడు. నేను కూడా సరే అన్నా. మెయిన్‌లో పెట్టింది ఫారంలోకి ఎందుకు రాలేదు అని ఇద్దరిలో ఒక్కరం కూడా అడగలా. అప్పుడు అడిగి ఉంటే ఈ పోస్టు రాసే పనే ఉండేది కాదు.

పదమూడో తారీఖు బుధవారం. పొద్దున్నే మూడు లారీలు. పెద్ద గుమస్తా గారు మొదటి లాట్ మొదలెట్టారు, తేదీ దగ్గర 13/03/02 కొట్టారు. ఒప్పుకోలా. మళ్ళీ కొట్టారు. ఒప్పుకోలా. తేదీ చెల్లదంటది. నమ్ లాక్ చూశాం, కీబోర్డు మార్చాం, కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాం. గేటు దగ్గర హమాలీలు అరుస్తన్నారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి "ఏమయ్యా, దీనికి నెలలో తారీఖులు పన్నెండుతోనే అయిపోయినయ్యా?" అన్నారు.

ఆయన వెటకారానికే అన్నారు గానీ నాకు ఆ పన్నెండు అనే మాట ఎక్కడో తగిలింది. పన్నెండు ఉండేది తారీఖులు కాదు, నెలలు! గబగబా లెడ్జర్ తీశా. లెడ్జర్ మెయిన్ మెనూలోంచి వచ్చేది, దాన్లో మన పద్ధతిలో ముందు రోజు, తర్వాత నెల. చూస్తే మార్చి 1న వచ్చిన లాట్లన్నీ జనవరి 3, రెండున వచ్చినవి ఫిబ్రవరి 3, నాలుగున వచ్చినవి ఏప్రిల్ 3, అట్లా డిసెంబర్ 3 దాకా. ఏడాది పొడుగూ ప్రతి నెలా మూడో తారీఖునే సరుకు వచ్చిందంట మాకు. మార్చి మూడున వచ్చినవి మాత్రం మార్చి మూడునే ఉన్నాయి, ఆ ఒక్క రోజుకీ అటు చదివినా ఇటు చదివినా ఒకటే కదా.

జరిగిందేంటంటే విజువల్ ఫాక్స్‌ప్రోలో ఫారానికి ప్రైవేట్ డేటా సెషన్ అని ఒకటి పెట్టుకోవచ్చు. అట్లా పెడితే ఆ ఫారం తన సొంత గదిలో తలుపేసుకుని కూర్చున్నట్టే, మెయిన్ ప్రోగ్రామ్‌లో మనం పెట్టిన సెట్టింగులు కొన్ని ఆ గదిలోకి పోవు. డిలీట్ సెట్టింగ్ పోదు. తేదీ సెట్టింగ్ కూడా పోదు. గదిలో అమెరికా పద్ధతి, ముందు నెల తర్వాత రోజు. డాస్‌లో ఈ గదులే లేవు, ఒకే హాలు, ఒకసారి చెప్తే అందరికీ వినపడేది. ఇది ఫాక్స్‌ప్రో తప్పని నేననను, హెల్ప్‌లో అంతా రాసే ఉంది. మేం చదవలా, అంతే.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఏంటంటే అన్ని రోజులు ఎవరికీ అనుమానం రాకపోవటం. మేం 04/03 కొడితే అది ఏప్రిల్ 3 అనుకుని దాచుకుంది. బాండు ప్రింట్ అయ్యేది కూడా ఆ ఫారం లోంచే, కాబట్టి ఏప్రిల్ 3ని మళ్ళీ అమెరికా పద్ధతిలో 04/03 అని కొట్టింది. కాయితం మీద చూస్తే మేం రాసిందే ఉంది! రైతు చేతిలో బాండు కరెక్టు, స్క్రీన్ కరెక్టు, లోపల మాత్రం తప్పు. రెండు అబద్ధాలు కలిసి ఒక నిజం అయి కూర్చున్నాయి.

వడ్డీల రిపోర్టు తీస్తే ఇంకా బాగుంది. నాలుగో తారీఖున ఇరవై వేలు అడ్వాన్స్ తీసుకున్న రైతు ఉన్నాడు, నూటికి రూపాయిన్నర వడ్డీ, తొమ్మిది రోజులకి 90 రూపాయలు రావాలి. కంప్యూటర్ లెక్కలో ఆయన డబ్బు తీసుకోటానికి ఇంకా 21 రోజులు ఉంది, అందుకని మైనస్ 210. అంటే మేమే ఆయనకి ఎదురివ్వాలి. అదే ఇరవై వేలు ఒకటో తారీఖున తీసుకున్న ఇంకొకాయనకి 69 రోజుల వడ్డీ, 690. పన్నెండు రోజులకి 120 కట్టాల్సినోడికి. ఆ లెక్క ఆయన చేతికి పోయి ఉంటే ఆఫీసు మీదకి ఊరంతా వచ్చేది.

కుర్రాడు వచ్చేలోపు నేనే కూర్చున్నా. ముందు ఫ్లాపీలో బ్యాకప్ తీశా. కమాండ్ విండో తెరిచి, కొత్త ప్రోగ్రామ్‌లో ఎక్కిచ్చిన మొదటి లాట్ నంబర్ నుంచి చివరి దాకా రోజునీ నెలనీ తారుమారు చెయ్యమని ఒకే ఒక్క రీప్లేస్ కమాండ్ కొట్టా. ఒక్క వరస. ఎంటర్ కొట్టే ముందు మూడుసార్లు చదివా, చెయ్యి వణికింది కూడా. రెప్పపాటులో అయిపోయింది. లెడ్జర్ తీస్తే మార్చి ఒకటి, రెండు, మూడు, వరసగా ఉన్నాయి. బ్రాడీపేటలో ఆ చుక్క పక్కన నేర్చుకున్న మాటే, ఎన్ని బొమ్మల బటన్లు వచ్చినా ఆ రోజు గేటు దగ్గర లారీలు కదిలింది దాంతోనే. కుర్రాడు వచ్చి ఫారంలన్నిట్లో లోడ్ అయ్యేచోట తేదీ సెట్టింగ్ రాసి, మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. పెద్ద గుమస్తా గారు "పర్లేదులే అబ్బాయ్, పదమూడో తారీఖు రాబట్టి బయటపడింది" అని అతనికి టీ చెప్పారు.

ప్రింటింగ్‌ది కూడా ఒక పెద్ద కథ. డాట్ మ్యాట్రిక్స్ మీద విండోస్ ప్రతి అక్షరాన్నీ బొమ్మలాగా గీస్తా ఒక్కో బాండుకి నిమిషాలు తినేది, చివరికి టెక్స్ట్ ఫైల్లోకి రాయించి డాస్ పద్ధతిలోనే నేరుగా ప్రింటర్‌కి పంపించాం. దాని గురించి ఇంకోసారి.

ఆ ప్రోగ్రాం తర్వాత ఎన్నేళ్ళు నడిచిందనుకున్నారు? మొన్నటిదాకా. మైక్రోసాఫ్ట్ 2007లోనే విజువల్ ఫాక్స్‌ప్రో 9 తర్వాత ఇంకో వెర్షన్ ఉండదని చెప్పేసింది, 2015 జనవరితో సపోర్టు కూడా ఆపేసింది. మా మెషిన్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదనుకుంటా, విండోస్ ఎక్స్‌పీ మీద నడిచింది, సెవెన్ మీద నడిచింది, టెన్ మీద కూడా నడిచింది. పెద్ద గుమస్తా గారు ఇప్పుడు లేరు.

కొత్తది నేర్పటానికి ఒక అమ్మాయి వచ్చింది, విజయవాడ నుంచి. లాట్ ఎంట్రీ పేజీ తెరిచి "ఇక్కడ రైతు పేరుతో మొదలెట్టండి అంకుల్" అంది. నేను తేదీ గడిలోకి పోయా. క్యాలెండర్ ఊడిపడింది, దాన్ని మూసి చేత్తో 13/03 కొట్టా, తీసుకుంది. "ముందు పేరు అంకుల్" అంది మళ్ళీ. ఉండమ్మా అని, అది చెరిపి 04/03 కొట్టి, మిగతా గడుల్లో ఏదో ఒకటి నింపి సేవ్ చేసి, లెడ్జర్ పేజీ ఇంకో ట్యాబ్‌లో తెరిచి చూశా. 4 మార్చి అని అక్షరాల్లో ఉంది. వడ్డీ రిపోర్టు కూడా తీసి చూశా. ఆ అమ్మాయి ఓనర్ గారి మనవడి వైపు చూసింది, అతను భుజాలు ఎగరేశాడు.

అప్పుడు పేరు గడిలోకి వెళ్ళా.